ఎవరూ అని అడిగే తలుపు

పొద్దున్నే ఆ అయిదంతస్తుల బిల్డింగుకి అందరికంటే ముందు వచ్చేది టైలరమ్మ. ఒక చంకలో గుడ్డల మూట, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా, పళ్ళ మధ్య గొడుగు పట్టీ. రెండు చేతులూ ఖాళీ లేవు గనక వీధి తలుపును మోచేత్తో పొడిచేది.

"ఎవరూ?" అనేది తలుపు, అప్పుడే నిద్ర లేచిన గొంతుతో.

"నేనే," అనేది టైలరమ్మ, గొడుగు పట్టీ వదలకుండానే.

తలుపు తెరుచుకునేది. ఆ వెనక ఆమె దగ్గర కుట్టే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి "నేనే" అని లోపలికి పోయేవాళ్ళు. మొదటి అంతస్తు పళ్ళ డాక్టరు ఆవులిస్తూ "నేనే" అనేవాడు. ఆయన పేషెంటు మందులు కొనుక్కొచ్చి, నోట్లో దూదితో "ఏఏ" అన్నా తెరుచుకునేది. ఏ నేను అని ఆ తలుపు ఏనాడూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఇంటికి ఫోన్ చేసి "నేనే" అంటే, "నేనంటే ఎవరండీ?" అని కట్టుకున్న భార్యతో అనిపించుకునే నాలాంటివాళ్ళకి ఆ తలుపంటే ఎంత గౌరవమో చెప్పనక్కర్లేదు.

ఆ బిల్డింగు మంచీచెడ్డా చూసే ఉద్యోగం ఒకావిడది. లిఫ్టు ఆగినా ఆవిడే, పంపు కారినా ఆవిడే. ఏ తలుపు కిర్రుమన్నా ఊరుకోదు గనక అందరూ తలుపుల మేడమ్ అనేవాళ్ళు. ఎదురు మాట్లాడటం ఆవిడ ఎక్కడో నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చిందే. పుట్టినప్పుడు ఏడవమంటే ఎందుకని అడిగిందని వాళ్ళమ్మ చెప్పేది.

ఒకరోజు ఓనరు ఆవిడని పిలిచాడు.

"ఏమ్మా, ఎవడొచ్చి నేనే అన్నా తీసేస్తోంది ఈ తలుపు. ఇదేం సెక్యూరిటీ?"

"ఇంతవరకూ ఎవరూ అబద్ధం చెప్పలేదుగా సార్. నేనే అన్నవాడు వాడే కదా!"

"వేళాకోళం చాల్లే. ఎలక్ట్రానిక్ తాళాలు పెట్టించు. ఎవరు రావాలో, ఎవరు రాకూడదో మన చేతిలో ఉండాలి."

తాళాలు అమ్మే ఆయన నల్లపెట్టెతో దిగాడు. ముందు వేలిముద్ర మిషన్ బయటికి తీశాడు. టైలరమ్మ వేలు పెట్టింది. మిషన్ ఆలోచించింది. ఇంకో వేలు పెట్టింది. సూదిపోట్లు తిని తిని ఆ వేళ్ళు నున్నగా అయిపోయాయి.

"మేడమ్, ఈవిడకి వేలిముద్రల్లేవు," అన్నాడాయన.

"ఎందుకు లేవు బాబూ? ఊరందరి చొక్కాల మీదా ఉన్నాయి, వెళ్ళి చూసుకో," అంది టైలరమ్మ.

తరువాత మొహం చూసే మిషన్ వచ్చింది. పళ్ళ డాక్టరు దాని ముందు బుద్ధిగా నిలబడి పేరు ఎక్కించుకున్నాడు. మర్నాడు నవ్వుతూ వస్తే అది ఒప్పుకోలేదు. "పళ్ళ డాక్టరు మూతి బిగించుకుని తిరిగితే నా దగ్గరికి ఎవరొస్తారు?" అని ఆయన పేచీ పెట్టాడు. పైగా ఆయన పేషెంట్ల బుగ్గలు వచ్చేటప్పుడు ఒకలా, పోయేటప్పుడు ఒకలా ఉంటాయి. ఆఖరికి కార్డుల దగ్గర బేరం కుదిరింది.

కానీ మేడమ్ ఇంకో మాట తేల్చుకోవాలంది. "కరెంటు పోతే మీ తాళం పట్టుకుంటుందా, వదిలేస్తుందా?"

"పట్టుకునేదే పెట్టు," అన్నాడు ఓనరు. "చీకట్లో దొంగలొస్తే?"

"లోపల మంటలొస్తే? జనం కార్డులు వెతుక్కుంటూ కూర్చోవాలా? కరెంటు పోతే వదిలేసేదే పెట్టండి. లోపలినుంచి బయటికి పోవడానికి కార్డు అడక్కూడదు, గోడమీద ఒక బటన్ చాలు. కాదంటే ఫైర్ వాళ్ళకిచ్చే కాగితం మీద నా సంతకం పడదు."

సంతకం లేకపోతే ఫైర్ వాళ్ళతో తలనొప్పి. ఓనరు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. తలుపు నెత్తిన ఒక అయస్కాంతం బిగించారు. కరెంటు ఉన్నంతసేపూ మనుషులు వేలాడినా వదలదు. కంట్రోల్ బాక్సు తాళంచెవి మాత్రం ఓనరు తన జేబులో వేసుకున్నాడు.

అమ్మిన ఆయన కంప్యూటరులో పేర్లెక్కించి చూపించాడు. "ఎవరినైనా ఆపాలంటే ఇక్కడ నొక్కి తీసెయ్యడమే సార్. మిషన్ మీద ఎర్రలైటు వస్తుంది."

ఓనరు ఆ ముక్క మళ్ళీ చెప్పించుకున్నాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల పాట నచ్చినవాడిలా తల ఊపుతూ విన్నాడు.

కొత్త తాళం వచ్చినా తలుపు పాత అలవాటు మానలేదు. "ఎవరూ?" అంటూనే ఉంది. జనం కార్డు చూపించి, మర్యాదకి "నేనే" అని కూడా అంటున్నారు.

ఒక శనివారం సాయంత్రం ఓనరు అసలు సంగతి బయటపెట్టాడు. "ఆ మూడో అంతస్తు గది మా బామ్మర్ది ఆఫీసుకి కావాలి. ఒప్పందం గడువుందంటూ టైలరమ్మ కదలటం లేదు. సోమవారానికి ఆవిడ కార్డు తీసెయ్. అడిగితే సిస్టమ్ ప్రాబ్లమ్ అను. రోజూ అదే అను. విసుగొచ్చి తనే పోతుంది."

"ఆ గదిలో మిషన్లున్నాయి సార్. స్కూలు పిల్లల యూనిఫారాలున్నాయి. బడులు తెరిచేలోగా ఇవ్వకపోతే ఆవిడకి మళ్ళీ ఎవరైనా గుడ్డముక్క ఇస్తారా?"

"అందుకే కదా, తొందరగా దారికొస్తుంది."

"నేను తియ్యను."

"ఉద్యోగం ఇచ్చింది నేనమ్మా."

"ఉద్యోగం మీరిచ్చారు సార్. వేలు మా అమ్మ ఇచ్చింది. అది ఆ బటన్ నొక్కదు."

ఆవిడ తిన్నగా మూడో అంతస్తుకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. టైలరమ్మ దారం కొరికి ఉమ్మింది.

"అయితే రావడం మానేస్తాననుకున్నాడా?"

"నువ్వు రా అక్కా. నా కార్డుతో నేను తీస్తాను."

సోమవారం టైలరమ్మ తనవాళ్ళతో వచ్చింది. కార్డు పెట్టింది. ఎర్రలైటు. ఆమె మనుషుల కార్డులకీ అదే. మేడమ్ ముందుకొచ్చి తన కార్డు పెట్టింది. అదీ ఎర్రలైటే. తలుపు పక్కనున్న అద్దం వెనక ఓనరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన వేలికి అలాంటి పట్టింపులేం లేవు.

"నన్నూ తీసేశాడే!" అంది మేడమ్. ఆవిడ గొంతులో బాధకంటే ఉత్సాహం ఎక్కువగా ఉంది.

పళ్ళ డాక్టరు వచ్చాడు. వెనకే బుగ్గ వాచిన పేషెంటు. డాక్టరు కార్డు తియ్యబోతుంటే ఓనరు లోపలినుంచి అరిచాడు. "డాక్టరు గారూ! మీరొక్కరే రండి. వాళ్ళని రానిచ్చారో, రేపు మీ కార్డుకీ ఇదే గతి!"

డాక్టరు కార్డు వైపు చూశాడు, టైలరమ్మ వైపు చూశాడు. "నాకు పేషెంట్లున్నారమ్మా," అన్నాడు మెల్లగా.

"మీ పేషెంటు కూడా బయటే ఉన్నాడు కదండీ," అంది టైలరమ్మ.

పేషెంటు బుగ్గ పట్టుకుని "ఊఊ" అన్నాడు. అది నొప్పో, మద్దతో ఎవరికీ తెలియలేదు. డాక్టరు మాత్రం మద్దతనుకుని, కార్డు జేబులో పెట్టేసి వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు.

టైలరమ్మ మోచేత్తో తలుపును పొడిచింది.

"ఎవరూ?"

"నేనే."

తలుపు కదలబోయింది. గుమ్మం మూలిగింది. అయస్కాంతం వదల్లేదు.

"ఎవరూ?" అంది మళ్ళీ. ఈసారి గొంతులో రొప్పు.

"మేమే!" అన్నారు అందరూ ఒక్కసారిగా. గుమ్మం మీంచి సున్నం రాలింది. ఎర్రలైటు అలాగే ఉంది. లోపల ఓనరు నవ్వాడు.

మేడమ్ ఆ నవ్వు చూసింది. తలుపు వైపు తిరిగింది. పాపం, నేనే అంటే ఒక్కరు. మేమే అంటే ఇవతలున్నవాళ్ళు. ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉంది, దాన్ని కూడా కలుపుకుని ఒక్కరూ జవాబు చెప్పలేదు. ఆవిడ చెక్క మీద అరచెయ్యి ఆనించింది.

"ఎవరూ?"

"మనమే," అంది మేడమ్.

తలుపు తెరుచుకుంది. ఎర్రలైటు ఎర్రగానే ఉంది, అయస్కాంతం గుమ్మానికి అంటుకునే ఉంది, తలుపు మాత్రం బార్లా తెరుచుకుంది. టైలరమ్మ మూట సర్దుకుని ఓనరు పక్కనుంచి నడిచింది. వెనకే ఆమె మనుషులు, డాక్టరు, పేషెంటు, అందరి వెనక మేడమ్.

ఓనరు తాళాలు అమ్మిన ఆయనకి ఫోన్ చేశాడు. సిగ్నల్ దొరక్క మాట్లాడుతూ మాట్లాడుతూ వీధిలోకి నడిచాడు. వెనక తలుపు మూసుకుంది. ఆయన కార్డు పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. అయస్కాంతం టక్కుమని వదిలింది. తలుపు వదల్లేదు.

"ఎవరూ?"

"ఓనర్ని."

తలుపు ఊరుకుంది.

"నేనేనయ్యా, నేనే!"

ఊరుకుంది. అద్దంలోంచి మేడమ్ కనిపిస్తే ఆయన చేతులూపాడు. ఆవిడ తన కార్డు ఎత్తి చూపించింది. "ఏం చెయ్యను సార్? సిస్టమ్ ప్రాబ్లమ్!"

ఎండెక్కింది. మధ్యాహ్నానికి టైలరమ్మ గుండీలు కొనడానికి కిందికొచ్చింది. ఆమె బయటికి రాగానే ఓనరు ఆ సందులోంచి దూరబోయాడు. తలుపు ఆయన ముక్కుకి తగలకుండా, ముక్కుకి తెలిసేలా మూసుకుంది. టైలరమ్మ చూడనట్టే వెళ్ళి, గుండీలు కొనుక్కుని తిరిగొచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఎవరూ?" అంది తలుపు.

టైలరమ్మ గుండీల పొట్లం ఊపుకుంటూ ఉంది.

"చెప్పవమ్మా, అడుగుతోంది," అన్నాడు ఓనరు.

"మిమ్మల్నే అడుగుతోంది సార్. పెద్దవారు, మీరే చెప్పండి."

ఆయన వీధికి అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "మనమే," అన్నాడు, పంటికింద రాయి పడినట్టు.

"ఎవరెవరం?" అంది టైలరమ్మ.

"నేనూ... మీరూ."

తలుపు తెరుచుకుంది. టైలరమ్మ ముందు నడిచింది. ఆయన గుమ్మంలో ఒక కాలు పెట్టాడో లేదో జేబులో ఫోన్ మోగింది. బామ్మర్ది గొంతు అందరికీ వినబడేంత పెద్దది.

"బావా, ఆ గదిలో వాళ్ళని పంపించేశావా?"

తలుపు ఆయన భుజానికి ఆనుకుని కదలకుండా నిలబడింది. టైలరమ్మ మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగింది. ఓనరు తలుపు వైపు చూశాడు, ఇంకా బయటే ఉన్న తన రెండో కాలి వైపు చూశాడు.

"లేదురా," అన్నాడు. "ఆ గదిలో మనవాళ్ళున్నారు."