ఖాళీగా తిరిగొచ్చిన గిన్నె

నేను ఒక గిన్నెను. స్టీలుదాన్ని. అడుగున సొట్ట ఉంది, మూత ఎప్పుడో పోయింది. గిన్నెకి కథేముంటుంది, తోమారు, బోర్లించారు, అంతేగా అనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు. వాళ్ళ ఇళ్ళల్లో గిన్నెలు ఎవరు తోముతున్నారో నాకు తెలుసు.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పెద్ద రేకులోంచి గుండ్రంగా ఓ ముక్క కోశారు, యంత్రం కింద పెట్టారు, ఒక్క పోటు పొడిచారు. బల్లపరుపుగా ఉన్నదాన్ని లోతుపడ్డాను. దెబ్బ పడితేనే మనిషికి బుద్ధీ ఆకారమూ వస్తాయని కొందరు మగవాళ్ళు అంటుంటారు. ఆ మాట రేకుకి చెప్పుకోండి. నేను రేకుని కాబట్టి ఊరుకున్నాను.

నరసరావుపేట బజారులో ఓ కొట్టు ముందు తాడుకి వేలాడుతుంటే, శౌరమ్మ పెళ్ళికని ఆమె మేనమామ నన్ను కొన్నాడు. పేర్లు చెక్కే మనిషి నా అంచు కింద చుక్కలు చుక్కలుగా ‘ఇన్నయ్య’ అని చెక్కాడు. పెళ్ళికొడుకు పేరు. ఆ ఇన్నయ్య బతికున్నన్నాళ్ళూ నన్ను ఒక్కసారీ తోమలేదు. నాలో ఏం ఉడుకుతుందో, ఎక్కడి నుంచి వస్తుందో అడగలేదు. అయినా పేరు ఆయనదే. లోకంలో చాలా వస్తువుల మీద పేర్లు ఇలాగే పడ్డాయి.

ఇన్నయ్య చెయ్యి ఊరికే లేచేది. నేను బల్ల మీద నుంచి చూసేదాన్ని. అలాంటప్పుడు గోడవతల వాళ్ళు రేడియో సౌండు పెంచేవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. మొగుడూ పెళ్ళాల మధ్య మనకెందుకు అనుకునే మంచివాళ్ళు. ఆ మంచితనం ఎంతమంది ఎముకలు విరగ్గొట్టిందో ఎవరూ లెక్క రాయరు.

ఇన్నయ్య పోయాక శౌరమ్మ ఒక్కతే మిగిలింది. పొగాకు గ్రేడింగ్‌లో ఆకు ఏరుతూ ముసలిదైంది. ఆమె వాటా ఒక వరుసలో చివరిది. పెరళ్ళ మధ్య నడుము ఎత్తు పిట్టగోడలు. పక్క వాటాలోకి ఆంజనేయులు, అతని భార్య సులోచన అద్దెకొచ్చారు. వాళ్ళకవతల టైలరు జాన్‌బీ, ఆమె మొగుడు.

ఆంజనేయులు బియ్యం మిల్లులో గుమస్తా. బయట ఎంత మర్యాదస్తుడో చెప్పలేను. చెత్త బండి అతన్ని కూడా ‘అండీ’ అనేవాడు. ఇంట్లోకి రాగానే ఆ ‘అండీ’ని చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచేవాడు.

మా వైపు ఓ పద్ధతి ఉంది. పక్కింటి నుంచి కూర వచ్చిందంటే ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. గుప్పెడు పప్పో, బెల్లం ముక్కో, ఏమీ లేకపోతే ఓ పచ్చిమిరపకాయో వేసి ఇస్తారు. ఖాళీ గిన్నె ఇస్తే ఇద్దరిళ్ళకీ మంచిది కాదంటారు. ఇది ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళలో వంటింటి గడప తొక్కినవాళ్ళకి తెలుసు. అంటే, చాలామందికి తెలియదు.

శౌరమ్మ గోంగూర నాలో ఎక్కి పిట్టగోడ దాటేది. మర్నాడు నేను సులోచన ఇంటి నుంచి ఏదో ఒకటి మోసుకొని తిరిగొచ్చేదాన్ని. ఆంజనేయులుకి ఆ గోంగూరంటే ప్రాణం. పక్కవాళ్ళతో మాటలేంటని పెళ్ళాన్ని కసిరేవాడు గానీ కూర వద్దనేవాడు కాదు. కోపానికి కట్టుబాటు ఉంది, నాలుకకి లేదు.

తర్వాత కరోనా వచ్చింది. మొదట ఓ సాయంత్రం అందరూ వాకిళ్ళలోకొచ్చి పళ్ళాలు మోగించారు. శౌరమ్మ కూడా మోగించింది, నన్ను కాదు, అన్నం పళ్ళేన్ని. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. ‘ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి’ అని మైకులో చెప్పుకుంటూ ఆటో తిరిగేది. ఎవరి ఇల్లు క్షేమమో ఆ ఆటోకి ఏం తెలుసు?

మిల్లు మూశారు. ఆంజనేయులు పొద్దస్తమానం ఇంట్లోనే. ఇదివరకు సులోచనకి పగలన్నా ఊపిరి ఆడేది. ఇప్పుడు అదీ పోయింది. ఫోను ఆమెని పాడుచేస్తోందని తన జేబులో పెట్టుకున్నాడు. పొద్దున సరుకులకి తనే, బయట తాళం వేసి మరీ వెళ్ళేవాడు. చెయ్యి లేపేటప్పుడు టీవీ సౌండు పెంచేవాడు. రేడియో పోయి టీవీ వచ్చింది, ఇంకేం మారింది చెప్పండి.

ఒకరోజు పొద్దున పిట్టగోడ దగ్గర నన్ను అందిస్తుంటే సులోచన కొంగు జారింది. మెడ పక్కన కమిలి ఉంది. శౌరమ్మ చూసింది.

“గడప తగిలింది పిన్నీ,” అంది సులోచన, అడగకుండానే.

“మా ఇంట్లోనూ ఉండేదమ్మా ఆ గడప,” అంది శౌరమ్మ. “పేరు ఇన్నయ్య.”

సులోచన నవ్వబోయి ఏడ్చింది. లోపల బాత్రూములో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఆ పూట అతను స్నానం చేసినంతసేపే వాళ్ళకి టైము.

“మా అమ్మ సర్దుకుపొమ్మంటంది. బస్సులు లేవు, రైళ్ళు లేవు. యాడికి పోను పిన్నీ?”

“ఈ గోడ దాటు. ఇంకెక్కడికీ పోనక్కర్లా. విను. గొడవొస్తే వంటింట్లోకి మాత్రం పోమాక. కత్తిపీట అక్కడే, కాగే నూనె అక్కడే. వాకిలి వైపు ఉరుకు. ఉరకలేకపోతే, ఇదిగో ఈ గిన్నె ఖాళీగా ఇయ్యి. ఏం మాట్లాడొద్దు. నేనొస్తా.”

“ఖాళీగానా?”

“ఎప్పుడూ ఇయ్యవుగా. అందుకే.”

వంటింటి గురించి శౌరమ్మ చెప్పింది నిజం. మేం గిన్నెలం అన్నం పెట్టే చేతిలో ఒకటి, విసిరే చేతిలో ఇంకొకటి. మాకు ఎవరి పక్షమో ఎంచుకునే దారి లేదు. శౌరమ్మ నన్ను ఒక పక్షంలో చేర్చింది. నా బతుకులో నాకు దక్కిన గౌరవం అది.

మర్నాడు నేను మునగాకు నింపుకొని తిరిగొచ్చాను. ఆకు కింద ప్లాస్టిక్ కవరులో సులోచన ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం. శౌరమ్మ వాటిని బియ్యం డబ్బాలో దాచి, తన పెరట్లోంచే జాన్‌బీని కేకేసింది. ఆంజనేయులు సరుకులకి పోయిన సమయం అది.

“ఖాళీ గిన్నె వచ్చిందంటే నీకు చెప్తా. వెంటనే ఫోను అందుకో. 181 కి, ఆ ఆడోళ్ళ సాయం నంబరుకి, కొట్టు. వార్డులో మహిళా పోలీసమ్మాయికీ కొట్టు.”

“మా ఆయన్ని లేపనా అక్కా?”

“మీ ఆయన లేచి లుంగీ కట్టుకునేసరికి ఊరు మునిగిపోద్ది. నువ్వే కొట్టు.”

జాన్‌బీ నవ్వింది గానీ ఫోను ఆ రోజు నుంచి మిషను మీదే ఉండేది, మాస్కులు కుడుతున్నా సరే.

ఆ తర్వాత శౌరమ్మ నన్ను అందుకున్న ప్రతిసారీ ముందు లోపలికి చూసేది. గుప్పెడు శనగలు ఉంటే ఊపిరి వదిలేది. సరుకులు అయిపోతున్నకొద్దీ నాలో పడేవి చిన్నవయ్యాయి. ఒకసారైతే ఒకే ఒక్క కరివేపాకు రెబ్బ. అడుగున అంటుకుపోయి కనిపించలేదు. శౌరమ్మ నన్ను వెలుతురుకి ఎత్తి పట్టింది. వేలితో తడిమి, రెబ్బ దొరికాక, మెట్టు మీద కూలబడి “నీ అమ్మ కడుపు చల్లగుండ, ఇంకాస్త పెద్దది తుంచకూడదటే,” అని సులోచనని తిట్టుకుంది. ఆ రోజు చారులో ఆ రెబ్బే వేసింది.

అసలు రోజు మధ్యాహ్నం వచ్చింది. సులోచన నన్ను తోమి, తుడిచి, నాలో గుప్పెడు పెసరపప్పు పోసి బల్ల మీద పెట్టింది, గోడ మీదుగా అందిద్దామని. ఈలోపు ఆంజనేయులు ఫోనులో ఏదో చూశాడు. తను స్నానానికి పోయినప్పుడు ఆమె వాళ్ళమ్మకి ఫోను చేసింది. అంతే. కన్నతల్లితో మాట్లాడటం నేరమైపోయింది.

శౌరమ్మ చెప్పిన మాట సులోచనకి గుర్తుంది. వంటింట్లోకి రాలేదు, వాకిలి వైపే ఉరికింది. కానీ అతను అడ్డంగా ఉన్నాడు. టీవీ సౌండు పెరిగింది. నేను విన్నది మీకు చెప్పను. వినాలనుకుంటే మీ గోడకి చెవి పెట్టండి. కాసేపటికి ఆమెని నడిమింట్లోకి తోసి బయట గడియ పెట్టాడు. లోపల నుంచి చప్పుడు లేదు.

నేను బల్ల మీద ఉన్నాను, గుప్పెడు పెసరపప్పుతో. చూడండి ఎంత ఘోరమో. నేను అలాగే గోడ దాటితే అంతా బాగుందని చెప్పినట్టు. గిన్నెకి ఒలికిపోవడం కూడా చేతకాదు.

అప్పుడే శౌరమ్మ గొంతు. “సులోచనా, గిన్నె ఇయ్యమ్మా, కూర మార్చుకోవాలి.”

టీవీ మోత ఆమెకీ వినబడే ఉంటుంది. ఆంజనేయులు వంటింట్లోకి వచ్చాడు. గిన్నె కోసం ముసలావిడ మళ్ళీ మళ్ళీ పిలుస్తుందనీ, గోడెక్కి తొంగిచూస్తుందనీ భయం. నన్ను చూశాడు. నాలో పప్పు చూశాడు. మన పప్పు వాళ్ళకెందుకనుకున్నాడేమో, డబ్బాలో ఒంపేశాడు. తర్వాత నన్ను కుళాయి కింద పెట్టి కడిగాడు. అతను నా వంక సరిగ్గా చూడటం, కడగటం అదే మొదలు. తన తువ్వాలుతో తుడిచాడు కూడా. తళతళలాడుతూ, ఉత్త ఖాళీగా, నేను పిట్టగోడ దగ్గరికి వెళ్ళాను.

“ఇదిగోండి పిన్నిగారూ మీ గిన్నె. సులోచనకి ఒంట్లో బాగోలేదండి, పడుకుంది.”

శౌరమ్మ నా లోపలికి చూసింది. ఆమె వేళ్ళు నా అంచు చుట్టూ బిగిశాయి. గొంతు మాత్రం మారలేదు.

“ఎంత శుభ్రంగా కడిగావు నాయనా.”

“మాకు పని చేసుకోవడం నామోషీ కాదండి.”

అతను వెనక్కి తిరిగాడు. శౌరమ్మ లోపలికి పోయి ఇనప గరిటె తీసుకొని నేరుగా వీధి వాకిట్లోకి నడిచింది. నన్ను బోర్లించి పట్టుకొని కొట్టింది. పళ్ళాలు మోగించిన రోజు ఊరంతా చేసిన చప్పుడు కంటే అది పెద్దది. ఎండలో వీధి ఖాళీగా ఉంది, చప్పుడు అటు చివర దాకా పోయింది. కొడుతూనే ఉంది. నా అడుగు లోపలికి పోయింది. మొదటి పోటు నన్ను గిన్నెని చేసింది. ఈ పోట్లు ఏం చేశాయో నాకిప్పటికీ మాట దొరకలేదు.

జాన్‌బీ చెవికి ఫోనుతో బయటికొచ్చింది. ఎదురు వరుస ఆడవాళ్ళు మాస్కులు కట్టుకుంటూ వచ్చారు. జాన్‌బీ మొగుడు లుంగీ సర్దుకుంటూ వచ్చాడు, ఎలాగో.

ఆంజనేయులు తలుపు సగం తెరిచాడు. “ఏంటండీ ఇదంతా?”

“సులోచనకి బాగోలేదన్నావుగా. చూసిపోదామని వచ్చాం,” అంది శౌరమ్మ.

“ఇప్పుడెవరూ ఎవరింటికీ రాకూడదండి. దూరం పాటించమన్నారు కదా.”

“పాటిస్తున్నాంగా నాయనా. ఒకళ్ళకొకళ్ళం ఎంత దూరంలో ఉన్నామో చూడు. లోపలికి మేం రాం. ఆమె బయటికి వస్తే చాలు.”

“పడుకుందని చెప్పాను కదండీ.”

“లేపు. ఎదురుచూస్తాం. లాక్‌డౌను కదా, మాకేం పని?”

ఎవరూ అరవలేదు. కదల్లేదు. అతను నలుగురి ముందు మర్యాదగా బతికిన మనిషి, ఆ నలుగురే ఇప్పుడు వాకిట్లో నిలబడ్డారు. ‘అండీ’ అనడానికి నోరు రాలేదు. తలుపు మూయబోతే జాన్‌బీ మొగుడు గుమ్మంలో కాలు పెట్టాడు. ఆ ఒక్క కాలికీ అతన్ని మెచ్చుకుంటాను.

మహిళా పోలీసమ్మాయి స్కూటీ మీద వచ్చింది, వెనక బండి మీద కానిస్టేబులు. వాళ్ళు లోపలికెళ్ళారు. గడియ తీసిన చప్పుడు నాకు వీధి వాకిట్లోకే వినబడింది.

సులోచన బయటికొచ్చింది. ఒక చెయ్యి ఇంకో చేత్తో పట్టుకొని ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు, రోడ్డు కాలుతోంది. శౌరమ్మ తన చెప్పులు విడిచి ఆమె ముందుకి తోసింది.

“నేను గిన్నె ఇవ్వలేకపోయాను పిన్నీ,” అంది సులోచన. “పప్పు పోసి పెట్టాను కూడా.”

“మీ ఆయనే ఇచ్చాడులే,” అంది శౌరమ్మ. “శుభ్రంగా కడిగి మరీ.”

అర్థం కావడానికి సులోచనకి కాస్త సమయం పట్టింది. అయ్యాక, ఏడుస్తూనే, పెదవి పగిలిన నోటితోనే నవ్వింది. నా జీవితంలో నేను మోసిన అన్ని కూరల రుచీ ఒకెత్తు, ఆ నవ్వు ఒకెత్తు.

చేతికి కట్టు కట్టించారు. ఆమె శౌరమ్మ దగ్గరే ఉండిపోయింది. తర్వాత జాన్‌బీ పక్కన కూర్చొని మాస్కులు కుట్టింది, దారులు తెరిచాక జాకెట్లు కుట్టింది. అతను పెద్దమనుషుల్ని పంపాడు, రాజీ అన్నాడు, పరువన్నాడు. ఆమె వెళ్ళలేదు. కేసు నడుస్తోంది. కేసులు ఎలా నడుస్తాయో మీకు తెలుసు, కుంటుకుంటూ. అయినా నడుస్తోంది.

సులోచన వేరే వీధిలో ఒక గది తీసుకుంది. వెళ్ళేరోజు శౌరమ్మ నన్ను ఆమె చేతిలో పెట్టింది. ఖాళీగా కాదు, గోంగూరతో.

మొన్న సులోచన పేర్లు చెక్కే మనిషి దగ్గరికి తీసుకెళ్ళింది నన్ను. ఏళ్ళ తరబడి తోమి తోమి శౌరమ్మ ఇన్నయ్యని దాదాపు అరగదీసింది. ఆ మనిషి నన్ను తిప్పి చూశాడు.

“సొట్ట తీసేయనా అమ్మా, రెండు దెబ్బల్లో పోద్ది.”

“దాని జోలికి పోమాక. పేరు చెక్కు చాలు.”

“ఏం పేరు, మీ ఆయనదా?”

“నాదే. నేనేగా తోమేది.”

ఇప్పుడు సులోచన గది పక్కన కొత్త జంట దిగింది. ఆ పిల్ల పేరు ఇంకా తెలియదు. గొంతు కూడా సరిగా వినలేదు. టీవీ మాత్రం ఒక్కోసారి మరీ గట్టిగా వినిపిస్తోంది. ఈ పొద్దున సులోచన గోంగూర వండి, నాలో నింపి, గోడ దగ్గరికెళ్ళి నిలబడింది. చాలాసేపు నిలబడింది. ఆ పిల్ల బట్టలు ఆరేయడానికి వచ్చి, కాస్త జంకుతూ, నన్ను అందుకుంది. ఆమె వేళ్ళు అడుగున సొట్టకి తగిలాయి.

“ఇదేందక్కా, ఇట్టా పోయింది?”

“కూర తిను ముందు. గిన్నె ఇవ్వడానికి వస్తావుగా, అప్పుడు చెప్తా.”

ఆ పిల్ల తలూపింది. నన్ను రెండు చేతులతో పట్టుకొని లోపలికి తీసుకెళ్ళింది.