నిన్నటి సుద్ద

సుద్దముక్కను నాలుకకు అద్దుకుని గీస్తే గోనె మీద గుర్తు ఓ పట్టాన చెరగదు. ఈ కిటుకు ఆయన సొంతం. తెల్లవారగానే గది మధ్యలో గొంతుకూర్చుని, చొక్కా జేబులోంచి ముక్క తీసి, నాలుకకు అద్దుకుని, మూతి కుట్టిన గోనెసంచి మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గీశాడు. ఇంతకాలం పరాయివాళ్ళ సంచుల మీద గీసిన గుర్తే. ఈసారి మాత్రం నిలువుగీత వంకర పోయింది.

సంచిలో ఉన్నది కుట్టుమిషను. కూతురిది. దాన్ని వంతెన దాటించి ఆమెకు చేర్చాలి.

ఆయన్ని అందరూ గేటు మామ అంటారు. వంతెనకు ఇవతల ఒక రాష్ట్రం, అవతల మరో రాష్ట్రం. ఇవతల పన్ను తక్కువ, అవతల ఎక్కువ. ఫోన్లో ఏ వస్తువు కొన్నా, అది ఏ రాష్ట్రంలో దిగితే అక్కడి పన్నే పడుతుంది. మరి అవతలి జనం ఊరుకుంటారా? ఇవతల ఉన్న చుట్టాల ఇళ్ళకు, ఆఖరికి టీకొట్టువాడి అడ్రసుకు కూడా తెప్పించుకుని, సంచుల్లో సర్దుకుని నడిచి వచ్చేస్తారు. అలాంటివాళ్ళను ఆపి, బిల్లు చూసి, తేడా పన్ను కట్టించడానికి వంతెన అవతలి చివర చెక్‌పోస్టు పెట్టారు. అక్కడ గేటు ఎత్తడం, దించడం, చూసిన సంచి మీద సుద్దగుర్తు పెట్టడం గేటు మామ పని. గుర్తు లేని సంచిని మలుపులో నిలబడ్డ రెండో కాపలావాడు కదలనివ్వడు. జనం తెలివి మీరి ఇళ్ళ దగ్గరే గుర్తులు గీసుకొస్తున్నారని, సుద్ద రంగు రోజుకొకటి మార్చడం మొదలుపెట్టారు.

ఉద్యోగం అవతలి రాష్ట్రానిదే అయినా ఆయన గది మాత్రం ఇవతల. అద్దె చవక. అల్లుడి కన్ను ఆ అడ్రసు మీద పడింది.

"మిషను మీ అడ్రసుకే ఆర్డరు పెట్టేశా మామయ్యా. ఊరంతా చేస్తున్నదేగా. మీ గేటు దగ్గర మిమ్మల్నెవరు ఆపుతారు?" అన్నాడు అల్లుడు ఫోన్లో, ముందు మాటవరసకైనా అడగకుండా. తర్వాత కూతురు ఫోను అందుకుంది. "రేపట్నుంచి బడి పిల్లల బట్టలు కుట్టాలి నాన్నా. ఇవాళ మిషను లేకపోతే ఆ పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. నీకు ఇబ్బందనిపిస్తే వద్దులే."

ఆ "వద్దులే" దగ్గరే ఆయన పడిపోయాడు. తల్లి పోయాక ఆ పిల్ల ఏదీ నోరు తెరిచి అడగలేదు.

పన్ను కట్టేసి దర్జాగా తీసుకెళ్ళవచ్చుగా అంటే, కట్టవచ్చు. కానీ బిల్లు మీద ఉన్నది గేటు మామ అడ్రసు. గేటు కాసేవాడి గదికే దొంగచాటు సరుకు దిగిందని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, రేపోమాపో రావలసిన పింఛను గాల్లో కలుస్తుంది. రాత్రంతా ఆయన కళ్ళ ముందు అదే ఆడింది.

ఆయన ఏనాడూ ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. నిప్పులాంటి మనిషని ఊళ్ళో పేరు. అసలు సంగతి భార్యకు తెలుసు. బతికున్న రోజుల్లో నవ్వేది. "నువ్వు మంచోడివేం కాదయ్యా, పిరికోడివి. నా అదృష్టం బాగుండి రెండూ ఒకేలా కనబడతాయి." ఆమె మాట నిజం. పైవాళ్ళ పిలుపన్నా, ఫోను మోగినా, ఎవరైనా గట్టిగా తలుపు కొట్టినా ఆయనకు గుండె జారిపోయేది.

సైకిలు వెనక సంచి కట్టుకుని, తొక్కే ధైర్యం లేక నడిపించుకుంటూ వంతెన ఎక్కాడు. సన్నటి మనిషి. ఖాకీ చొక్కా భుజాల దగ్గర వేలాడుతుంటుంది, టోపీ చెవుల దాకా దిగుతుంది. సగం దూరం వచ్చేసరికి ఛాతీ పట్టేసినట్టయింది. ఎడమ చెయ్యి బరువెక్కి లాగింది. కమ్మీ పట్టుకుని ఆగాడు. భయం ఒంట్లో ఎక్కడెక్కడికి వస్తుందో ఆయనకు బాగా తెలుసు. కడుపులోకి వస్తుంది, మోకాళ్ళలోకి వస్తుంది, మెడ వెనక్కి వస్తుంది. చేతిలోకి రావడం కొత్త. ఇది పెద్ద భయం, అందుకే కొత్త చోటు చూసుకుంది అనుకుని మళ్ళీ నడిచాడు.

చెక్‌పోస్టులో రసీదులు రాసే గుమాస్తా అప్పటికే వచ్చి కుర్చీ నిండా కూర్చున్నాడు. ఎప్పుడూ నోరు ఊరుకోని మనిషి.

"ఏంటన్నా ఆ మూట? కాపురం ఎత్తేశావా?"

"ఏం లేదు. పాత సామాను."

సంచిని గదిలో బల్ల కిందికి తోసి, ఊపిరి తీసుకుని, ఎప్పటిలా చెయ్యి చాచాడు. గుమాస్తా సొరుగు లాగి ఆ రోజు సుద్ద ఆ చేతిలో పెట్టాడు.

"ఇవాళ నీలం."

గేటు మామ అరచేతిలోని ముక్కకేసి చూశాడు. తర్వాత బల్ల కింద సంచి కేసి చూశాడు. దాని మీద పసుపు గుర్తు. జేబులో మిగిలిన నిన్నటి ముక్కతో గీశాడు. రోజుకో రంగని ఆయనకంటే బాగా తెలిసినవాడు ఆ వంతెన మీదే లేడు. కానీ రాత్రి నుంచీ భయం బుర్రలో ఇంకో ఆలోచన దూరనిస్తేనా? ముచ్చెమటలు పోశాయి. పసుపు పక్కనే నీలం గీస్తే రెండో కాపలావాడు పట్టేస్తాడు. బల్ల కిందికి వంగి టోపీతో తుడిచాడు, చొక్కా అంచుతో తుడిచాడు, గోళ్ళతో గీకాడు. ఎంత తుడిచినా పసుపు పోలేదు. నాలుకకు అద్ది గీసింది కదా.

"అన్నా!" గుమాస్తా గొంతు తగ్గించి పిలిచాడు. ఈపాటికి అతనికి అర్థమైపోయింది. "ఎవరిదది? అమ్మాయిదా?"

గేటు మామ తలూపాడు. ఇంకో మాట అనేలోపు బయట జీపు ఆగింది.

దిగింది పన్నుల శాఖ అధికారిణి. చిన్న వయసు, కళ్ళద్దాలు, మెత్తటి గొంతు. చెప్పాపెట్టకుండా వచ్చినందుకు ఆవిడే నొచ్చుకుంటున్నట్టు మాట్లాడింది. రసీదులు చూసింది, గేటు చూసింది, గది చూసింది. చివరికి వంగి బల్ల కిందికి చూసింది.

"ఇదేమిటి, పసుపు గుర్తు? ఇవాళ నీలం కదా?"

గుమాస్తా తడుముకోలేదు. "నిన్నటిదండి. ఎవరో మరిచిపోయి వెళ్ళారు."

ఆవిడ గేటు మామ వైపు తిరిగింది. "మీకేమైనా తెలుసా, పెద్దాయనా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తెలుసు మేడమ్, నా కూతురిది అనాలి.

"తెలీదు మేడమ్."

"సరే. ఎవరైనా వచ్చి అడిగితే తేడా కట్టించుకుని ఇచ్చేయండి. పెద్ద నేరమేం కాదు. సాయంత్రం దాకా చూసి గోడౌనుకు పంపిద్దాం." అలా అని, కుర్చీ లాక్కుని, అక్కడే కాగితాలు ముందేసుకుంది.

ఆవిడ చూడకుండా గుమాస్తా గుసగుసలాడాడు. "చెప్పెయ్ అన్నా. మంచావిడే. మహా అయితే నాలుగు మాటలంటుంది."

"ఆవిడ వెళ్ళనీ."

"గోడౌనుకెళ్తే వేలంలో పోతుంది అన్నా."

గేటు మామ గదిలోంచి వెళ్ళిపోయాడు. బయట బెంచీ మీద కూర్చుని తాడు లాగుతూ గేటు ఎత్తాడు, దించాడు. ఒకాయన మూడు కొత్త చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, ఉడికిపోతూ, మహా అమాయకంగా దాటుతున్నాడు. మరో రోజైతే పక్కకు పిలిచి నవ్వకుండా బొత్తాలు విప్పించేవాడు. ఇవాళ చూపు తిప్పుకున్నాడు. పసిపిల్ల దుప్పట్లో మిక్సీ చుట్టుకొచ్చిన తల్లిని కూడా ఆపలేదు. ఏ మొహంతో ఆపుతాడు? మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యలేదు. చేతిలో భయం భుజానికి ఎక్కింది.

ఎండ వాలుతుండగా ఊరివైపు రోడ్డు మీద కూతురు కనబడింది. మిషను మోసుకెళ్ళడానికి తోపుడుబండి ఒకటి అద్దెకు తెచ్చుకుంది. కొంగు బిగించుకుని బండి తోసుకుంటూ, దూరం నుంచే చెయ్యి ఊపింది. ఆ మొహంలో సంతోషం చూసేసరికి ఆయనకు సిగ్గేసింది. గేటు కాడ పుట్టెడు భయాలు పడ్డాడు, అందులో ఒక్కటీ నిజం కాలేదు. ఇదీ కాదేమో. ఆవిడ పెద్ద నేరం కాదనే అందిగా. పిల్ల వచ్చి అందరి ముందూ అడిగేలోపు తనే చెప్పేద్దాం అనుకున్నాడు. పోతే పోనీ.

లేచాడు. భయం దవడలోకి వచ్చింది. ఇది కాస్త తగ్గనీ, ఒక్క నిమిషం, అనుకుని మళ్ళీ కూర్చుని, గోడకు తల ఆనించాడు.

గేటు ముందు లారీ ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"గేటెత్తు అన్నా," అన్నాడు గుమాస్తా లోపలి నుంచి. "అన్నా, నిద్రపోయావా?"

గేటు లేవలేదు. తాడు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

కూతురు ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అధికారిణి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, గుమాస్తాతో మెల్లగా చెప్పింది. "పింఛను కాగితాలు ఆలస్యం చెయ్యకండి. ఒక్క మచ్చ లేని సర్వీసు. అమ్మాయికి ఏం రావాలో అన్నీ వచ్చేలా చూడండి."

"అలాగే మేడమ్."

కాసేపటికి కూతురు గుమాస్తా వైపు తలెత్తింది. "బాబాయ్, నాన్న నాకోసం ఏమైనా తెచ్చాడా?"

అధికారిణి పక్కనే ఉంది. మచ్చ లేని సర్వీసు అన్న మాట గుమాస్తా చెవుల్లో ఇంకా ఉంది. సంచి సంగతి చెబితే ఆ మాట నిలవదు.

"ఏమీ తేలేదమ్మా."

"తేలేడులే," అంది కూతురు, తండ్రి పాదం మీది దుమ్ము తుడుస్తూ. "భయపడి ఉంటాడు. వద్దని చెప్పాను కూడా."

తెచ్చిన తోపుడుబండి మీదే ఆయన్ని పడుకోబెట్టి కూతురింటికి తీసుకెళ్ళారు. వాళ్ళు మలుపు తిరిగాక గోడౌను వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు బల్ల కింది సంచిని లాగి, బరువుకు మూలుగుతూ పైకెత్తి, వ్యానులో ఓ మూలకు తోశారు. చొక్కాతో తుడిచిన చోట, గోళ్ళతో గీకిన చోట గోనె పీచు లేచింది గానీ, వంకర నిలువుగీతతో సహా పసుపు గుర్తు అలాగే ఉంది.