కనపడేచోట ఆగిన బండి

సాయంత్రం అయిదింటిలోగా కౌంటీ పోలీసు పెద్ద షెరిఫ్ బ్రాక్‌కి మార్నీ జవాబు చెప్పాలి. పోలీసు శిక్షణకి కౌంటీ నుంచి ఈ ఏడు ఒక్క పేరే పంపుతారు. ఆ పేరు మార్నీదేనని ఆయన నెల కిందటే అన్నాడు. నెలంతా రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అంటూ నెట్టుకొచ్చింది. ఇవాళ ఆఖరి రోజు.

"ఆ తుపాకీ బెల్టు పది కిలోలుంటుందట," అన్నాడు గస్, అంబులెన్స్‌లో ఆమె పక్క సీట్లో కూర్చుని శాండ్‌విచ్ కాగితం విప్పుతూ. "నీ నడుముకేం ఆగుతుంది? ఒక చేత్తో దొంగని పట్టుకుని, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకోవాలి."

"నువ్వు స్ట్రెచర్ ఎత్తేటప్పుడు చేసేది అదేగా. నాలుగేళ్ళు చూశాను, నేర్చుకోనా?"

గస్ నోటినిండా శాండ్‌విచ్‌తోనే నవ్వాడు. అరవై రెండేళ్ళవాడు. మొంటానా రాష్ట్రం తూర్పు మైదానంలో ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. మార్నీ ఎందుకు వెళ్ళిపోవాలనుకుంటోందో అతనికి తెలుసు. తెలుసు గనకే ఉండిపొమ్మని ఒక్కసారి కూడా అనలేదు.

కొట్లాట జరుగుతున్న ఇంటినుంచి పిలుపొస్తే అంబులెన్స్ సరాసరి వెళ్ళకూడదు. పోలీసు ముందు లోపలికి వెళ్ళి, భయం లేదు రండి అనాలి. అందాకా దూరంగా, ఆ ఇంటివాళ్ళ కంటపడకుండా ఆగాలి. ఈ కౌంటీలో ఈ కొస నుంచి ఆ కొసకి గంట పైన పడుతుంది, పోలీసులేమో ఇద్దరే. కిందటి అక్టోబరులో ఒక చక్కెర దుంపల పొలం మలుపులో అలాగే అరగంట కూర్చున్నారు. లోపలికి వెళ్ళేసరికి దెబ్బలు తిన్న పిల్ల ప్రాణం పోయింది, చెయ్యి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనం మార్నీని వదల్లేదు. ఎవరో తలుపు తీసేదాకా కాచుకునే మనిషిగా ఉండలేననిపించింది. తలుపు తీసే మనిషే తాను కావాలి.

రెండున్నరకి రేడియో పలికింది. స్కార్ వాళ్ళ ఇల్లు. కొడుకు తండ్రిని కత్తితో పొడిచాడు. కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. తల్లి నోరీన్ ఫోన్లో ఉంది. ఒక పోలీసు ఖైదీని వెంటబెట్టుకుని బిల్లింగ్స్ నగరానికి వెళ్ళాడు, షెరిఫ్ ఒక్కడే ఉన్నాడు. ఆయన రావడానికి నలభై నిమిషాలు పడుతుంది.

"గాయం ఎక్కడ?" అడిగాడు గస్.

"మెడకి కిందగా, ఎడమవైపు," అంది రేడియోలో అమ్మాయి. "తువ్వాలు పెట్టి గట్టిగా నొక్కమన్నాను. నొక్కుతోంది."

మార్నీ పదకొండు నిమిషాల్లో చేరుకుంది. దున్నని గోధుమ పొలాల మధ్య స్కార్ వాళ్ళ ఇల్లు పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తోంది. మార్చి గాలి బండిని పక్కకి తోస్తోంది. దారిలో ధాన్యపు గిడ్డంగి చాటున ఆగవచ్చు. మార్నీ దాన్ని దాటి ఇంకాస్త ముందుకి వెళ్ళి, ఇంటికి అర మైలు దూరంలో ఆపింది.

"వెనక్కి తియ్యి," అన్నాడు గస్.

"ఇక్కణ్ణుంచైతే అన్నీ కనిపిస్తాయి. షెరిఫ్ రాగానే ఒక్క నిమిషంలో వెళ్ళిపోవచ్చు."

గస్ మందుల సంచీ విప్పి సర్దుకోవడంలో పడ్డాడు.

ఆరేడు నిమిషాలు గడిచాయి. ఇంటి తలుపు తెరుచుకుంది. నీలం స్వెట్టరు వేసుకున్న ఆడమనిషి వరండాలోకి వచ్చి రెండు చేతులూ ఊపింది.

అదే క్షణంలో రేడియో: "ఆమె ఫోన్ పెట్టేసింది. 'వచ్చేశారు, కిటికీలోంచి కనిపిస్తున్నారు' అంది. ఆగమనేలోపే వెళ్ళిపోయింది."

ఊపుతున్న ఆ చేతుల్లో ఒకటి ఇప్పటిదాకా ఆ గాయం మీద ఉండవలసింది.

మార్నీ గేరు మీద చెయ్యి వేసింది. గస్ ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

"చెయ్యి తీసేసింది గస్! నన్ను చూసి తీసేసింది!"

"చూశాను."

"అయితే నన్ను పోనివ్వు."

"లోపల కత్తి ఉంది అమ్మాయ్. నిన్ను కూడా నేలమీద పడుకోబెట్టుకుని, ఇద్దరిలో ఎవరిని చూడమంటావు నన్ను?"

మార్నీ బండి దిగి, లోపలికి వెళ్ళమని రెండు చేతులతో సైగ చేసింది. అవతల నోరీన్ ఇంకా గట్టిగా చేతులు ఊపింది. గస్ మైకులో అరిచాడు: "లోపలికి వెళ్ళమ్మా, మళ్ళీ నొక్కి పట్టు!" గాలి ఆ మాటల్ని పొలాల మీదికి ఎత్తుకుపోయింది. ఇవతల వీళ్ళు సైగ చేస్తుంటే అవతల ఆమె రమ్మంటోంది. చివరికి నోరీన్ వరండా మెట్లు దిగి నడవడం మొదలుపెట్టింది. కొంతదూరం నడిచి, తర్వాత పరిగెత్తింది.

బండి దగ్గరికి వచ్చేసరికి ఆమెకి ఊపిరి ఆడటంలేదు. రెండు చేతులూ మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి.

"దారి తప్పారా?" అంది. "ఇల్లు అదే. అదిగో. ఎందుకాగిపోయారు?"

"షెరిఫ్ రావాలమ్మా," అన్నాడు గస్.

"షెరిఫ్ ఎందుకు? మా అబ్బాయి డేల్ ఏమీ చెయ్యడు. స్నానాల గదిలో తలుపేసుకుని ఏడుస్తున్నాడు. రండి. మా ఆయన ఆర్లోకి చలేస్తోందట, దుప్పటి కప్పి వచ్చాను."

గస్ రేడియోలో ఆ మాటే చెప్పి అడిగాడు. ఆగమన్నారు, బయటపడ్డ మనిషిని మళ్ళీ లోపలికి పంపొద్దన్నారు. కత్తి ఎక్కడుందని అడిగాడు. నోరీన్‌కి తెలియదు. గస్ కళ్ళు మూసుకుని, తెరిచి, తన కోటు విప్పి ఆమె భుజాల మీద వేశాడు. మరో పద్దెనిమిది నిమిషాలు ముగ్గురూ ఆ ఇంటికేసి చూస్తూ ఉన్నారు.

షెరిఫ్ వచ్చి, లోపలికి వెళ్ళి, డేల్‌ని బయటికి తెచ్చి కారులో కూర్చోబెట్టడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. పిల్లవాడు చొక్కా మీదే ఉన్నాడని హీటరు వేసి మరీ తలుపు మూశాడు. తర్వాత వీళ్ళని రమ్మని చెయ్యెత్తాడు.

వంటింటి నేల మీద, పువ్వుల దుప్పటి కింద ఆర్లో స్కార్ ఉన్నాడు. గస్, మార్నీ తమకి తెలిసినదంతా చేశారు. ఇరవై నిమిషాల తర్వాత గస్ గోడ గడియారం చూసి, మరణించిన టైము పైకి చెప్పాడు.

షెరిఫ్ వాకిట్లో నిలబడి టోపీ తీశాడు. బ్రాక్ మంచివాడే. "రాష్ట్రం నుంచి దర్యాప్తువాళ్ళు ఆరింటికి వస్తారు. అందాకా ఆవిడ చేతులు కడక్కూడదు. ఫొటోలు తీయాలి. జరిగినదాని గురించి ఆవిడతో ఎవ్వరూ మాట్లాడొద్దు. మీకూ కలిపే చెబుతున్నాను."

"ఇరవై నిమిషాలు నేలమీద మోకాళ్ళేసి కూర్చున్న మనిషి సార్," అంది మార్నీ. "ఆ చేతులతో ఆరుదాకానా?"

"నాకూ ఇష్టమై కాదు మార్నీ. రేపు కోర్టులో ఆ కుర్రాడికి పనికొచ్చేదేదో ఆ చేతుల మీద ఉండొచ్చు. పోగొట్టే హక్కు నాకు లేదు."

ఆయన చెప్పింది నిజమే. "మీరు నలభై నిమిషాల దూరంలో ఉన్నారు," అంది మార్నీ. "ఇవాళ నేను మీ దగ్గర పనిచేస్తూ ఉంటే ఎక్కడుండేదాన్ని?"

"నా పక్క సీట్లో," అన్నాడు షెరిఫ్.

నోరీన్ అంబులెన్స్ వెనక మెట్టు మీద కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది, ఎవరివో పరాయి వస్తువులు దాచమని ఇచ్చినట్టు. మార్నీ వచ్చి పక్కన కూర్చుంది. షెరిఫ్ నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

"నేను చెయ్యి తీశాను," అంది నోరీన్. "ఆ ఫోన్లో పిల్ల తీయొద్దంది. తీశాను."

మార్నీ షెరిఫ్ వైపు చూసింది. ఆయన మెల్లగా అడ్డంగా తల ఊపాడు.

"నేను తీసి ఉండకపోతే బతికేవాడా?"

"తెలియదు నోరీన్ గారూ," అంది మార్నీ. "అక్కడి గాయం నొక్కినా నెత్తురు ఆగదు ఒక్కోసారి."

"మార్నీ," అన్నాడు షెరిఫ్.

"మా బండి మీకు కనపడకూడదు. అది మా రూలు. గస్ వెనక్కి తియ్యమన్నాడు, నేను తియ్యలేదు. నాకు అన్నీ కనిపించాలని కనపడేచోట ఆపాను. నన్ను చూసే మీరు బయటికొచ్చారు. మీ తప్పు కాదు, నాది."

షెరిఫ్ టోపీని చేతుల్లో ఒకసారి తిప్పాడు. "సాక్షితో కేసు సంగతి మాట్లాడావు," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇదే నా యూనిఫామ్‌లో చేసి ఉంటే ఏమయ్యేదో తెలుసా?"

"తెలుసు సార్."

"అయిదింటికి నీ పేరు పంపాలి. టైము నాలుగున్నర."

"ఇంకెవరి పేరైనా పంపండి."

"ఇప్పుడున్న మనసుతో చెప్పకు."

"ఇంకో మనసు లేదు సార్ నా దగ్గర. రేపు మళ్ళీ పిలుపొస్తే మళ్ళీ ఆగాలి, తెలుసు నాకు. ఈసారి గిడ్డంగి చాటునే ఆగుతాను. కానీ అడిగినవాళ్ళకి జవాబైనా చెప్పుకోనివ్వండి."

షెరిఫ్ పిల్లవాడు ఉన్న కారు వైపు వెళ్ళిపోయాడు.

తన మాటలు నోరీన్‌కి ఏమైనా ఉపయోగపడ్డాయేమోనని మార్నీ ఆమె మొహంలోకి చూసింది. ఏమీ కనిపించలేదు. "తీశానుగా," అంది నోరీన్ మళ్ళీ, అదే గొంతుతో. కన్నీళ్ళు కారి గడ్డం దగ్గర ఆగుతున్నాయి. తుడుచుకుందామని చెయ్యి ఎత్తి, దాన్ని చూసి, మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకుంది.

మార్నీ గాజుగుడ్డ తడిపి ఆమె కళ్ళు తుడిచింది, ముక్కు తుడిచింది. గస్ ఇంట్లోంచి గ్లాసుతో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. మార్నీ ఆ గ్లాసు నోరీన్ పెదవులకి ఆనించి పట్టుకుంది. రెండు గుక్కలు తాగి ఆమె తల పక్కకి తిప్పుకుంది. ఆరు కావడానికి ఇంకా గంటన్నర ఉంది.

కాసేపటికి నోరీన్ మళ్ళీ ఇటు తిరిగింది.

"ఇంకొంచెం," అంది.