గంగు బరువు

రెంజల్ ప్రభుత్వ దవాఖానాలో చేరి రాధాకుమారికి ఇంకా నెల నిండలేదు. బోధన్ దగ్గర కాలువ కింద సేద్యం చేసుకునే కోస్తా కుటుంబంలో పుట్టి, హైదరాబాదులో డాక్టరీ చదివింది. పెద్దవాళ్లకు మందివ్వడానికి ఎప్పుడూ జంకలేదు. పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి ఆగేది. ఎన్ని కిలోలుంటే అంతే మందు. తగ్గితే రోగం లొంగదు, మించితే పిల్ల దక్కదు.

డెబ్బై మూడులో మలేరియా మళ్లీ తిరగబెట్టింది. ఒక మధ్యాహ్నం సాయవ్వ అనే ముసలామె కోడలు హన్మవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. కోడలి చేతుల్లో గొంగట్లో చుట్టిన మనవరాలు గంగు. ఒళ్లు పెనంలా కాలుతోంది. మాత్ర వేస్తే వేసినట్టే కక్కేస్తోంది. కడుపు తడిమితే జ్వరానికి ఉబ్బిన ప్లీహం, బల్ల, చేతికి తగిలింది. ఇక ఇంజక్షన్ తప్ప దారి లేదు. అది కాస్త ఎక్కువైనా పసిగుండె ఆగిపోతుంది.

"ఎన్నేళ్లు అవ్వా?"

"నాలుగు నిండినయ్ డాక్టరమ్మా."

దవాఖానాలోని తూకం మిషను ముల్లు విరిగి ఎన్నాళ్లయిందో. ఎదురుగా తుకారాం పసుపు కొట్టులో బస్తాల కాంటా ఉంది. రాధాకుమారి అటు చూడగానే సాయవ్వ మొహం మారిపోయింది.

"పోరిని బస్తా లెక్క కాంటకేస్తవా? తూకమేసిన పిల్ల నిలువదమ్మా. దిష్టి తగుల్తది."

"పిల్లను తూచను అవ్వా. నీ కోడల్ని తూస్తాను. ఒకసారి పిల్లనెత్తుకుని, ఒకసారి వట్టిగా. సరేనా?"

ముసలామె కొట్టులోకి ముందు తనే నడిచింది. రాధాకుమారి తుకారాంతో మాట్లాడుతుంటే, వెనక గొంగడి సర్దుతూ కోడలికి ఏదో చెప్పింది. హన్మవ్వ తల వంచుకుని పిల్లతో కాంటా ఎక్కింది. తర్వాత పిల్లను, గొంగడిని అత్తకిచ్చి మళ్లీ ఎక్కింది. తీసివేస్తే పద్నాలుగు కిలోలు. నాలుగేళ్ల పిల్లకు పుస్తకంలో ఉండే బరువూ దాదాపు అంతే.

దవాఖానాకు తిరిగొచ్చి రాధాకుమారి సిరంజిలోకి మందు ఎక్కించింది. లెక్క సరిగానే ఉంది. మళ్లీ వేసి చూసుకుంది, అప్పుడూ సరిగానే ఉంది. అయినా మనసు ఒప్పలేదు. బల్లమీద పడుకోబెట్టిన గంగు తొడ పట్టుకుంటే రెండు వేళ్ల మధ్య ఇమిడిపోయింది. సిరంజి పక్కన పెట్టి, పిల్లను రెండు చేతులా ఎత్తింది. ఎండిన కట్టెల మోపు కూడా ఇంతకన్నా బరువుంటుంది.

"హన్మవ్వా, ఈ పిల్ల పద్నాలుగు కిలోలుండదు. కాంటా మీద నీ చేతుల్లో ఇంకేముంది?"

హన్మవ్వ అత్త వైపు చూసింది. సాయవ్వ గుమ్మంలోంచి బయటికి చూస్తోంది.

"చెప్పు తల్లీ. ఈ మందు ఎక్కువైతే బిడ్డ ప్రాణం పోతుంది."

హన్మవ్వ బావురుమంది. "రాయి పెట్టింది మా అత్త! కొట్టుల తూకం రాయి, గొంగట్ల. అసలు బరువు ఎవలికి ఎర్కగావద్దన్నది. నేను నోరు మూసుకున్న. నా బిడ్డను సంపుకుంటుంటి అమ్మా!"

రాధాకుమారి గోడను ఆనుకుని నిలబడింది.

సాయవ్వ గుమ్మం దగ్గర నుంచి ఇటు తిరిగింది. "దీనికంటె ముంగట పుట్టినోన్ని తూకమేసిండ్రు, వారం గాలె, పోయిండు. నేనేం జేతు బిడ్డా?"

కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఈసారి నువ్వే ఎత్తుకో అవ్వా," అంది రాధాకుమారి.

మళ్లీ కొట్టుకు వెళ్లి, సాయవ్వ మనవరాలిని గుండెకు అదుముకుని, కళ్లు మూసుకుని కాంటా ఎక్కింది. తర్వాత పిల్లను కోడలికిచ్చి వట్టిగా ఎక్కింది. తీసివేస్తే తొమ్మిది కిలోలు తేలింది. సిరంజిలో మందు తగ్గింది.

సూది వేశాక కూడా రాధాకుమారి కుదురుగా కూర్చోలేదు. నాడి చూసేది, కిటికీ దగ్గరికి పోయేది, మళ్లీ వచ్చి శ్వాస చూసేది. రోజూ ఆమె ఇంటికి వెళ్లే బోధన్ బస్సు వచ్చి, ఆమె కోసం హారన్ కొట్టి వెళ్లిపోయింది. పొద్దు గూకే వేళకు గంగు నుదుట చెమట పట్టింది. కళ్లు తెరిచి నీళ్లడిగింది. సాయవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గంగు కోలుకుని ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత ఏ పిల్ల వచ్చినా, తూకం ఎంత చెప్పినా సరే, సూది పట్టేముందు రాధాకుమారి ఒకసారి చేతుల్లోకి ఎత్తుకుని చూసేది.