గాలా, గట్టా

నా భార్యను చంపింది ఆమె తమ్ముడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. జబ్బు వల్ల పోయిందని డాక్టరు రాశాడు. జబ్బుతో ఆమె ఇంకా కొన్నాళ్ళు బతికేది. ఆ కొన్నాళ్ళూ నావి.

మాది టైర్ల షాపు. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. మధ్యలో తలుపు లేదు, గుడ్డ తెర ఉంది. షాపులో ఒక కంప్రెషర్, ట్యూబులు ముంచి చూసే నీళ్ళ తొట్టి, గోడ నిండా మేకులకు వేలాడే ట్యూబులు, కూర్చోవడానికి అరిగిపోయిన లారీ టైర్లు. మధ్యాహ్నం దాటాక పని పలచబడుతుంది. ఆ వేళకు ఇద్దరు వచ్చేవాళ్ళు. ఒకడు పక్క షెడ్డులో వెల్డరు. ఇంకొకడు నా బావమరిది, బస్సు కండక్టరు. పొద్దుటి డ్యూటీ దిగి, ఇంత తిని, తిన్నగా మా షాపుకే వచ్చేవాడు. వెనక సీటుకు వినబడేలా అరిచి అరిచి, మామూలుగా మాట్లాడటం ఎలాగో మరిచిపోయాడు.

మాకో ఆట ఉండేది. ఎవరో ఒకరు ఒక పేరు ఎత్తాలి. తినే వస్తువు కావచ్చు, ఆటగాడు కావచ్చు. దానికున్న గొప్పపేరు దానికి తగిందా లేదా తేల్చాలి. తగకపోతే గాలి. తగితే గట్టి. పొద్దస్తమానం టైర్లను బొటనవేలితో నొక్కి చూసేవాళ్ళం, మాకు వేరే మాటలెందుకు?

"యాపిల్ గాలి," అనేవాడు వెల్డరు. "నీళ్ళకు రంగేసి అమ్ముతున్నారు."

"నోర్ముయ్యరా. డాక్టర్లే తినమంటారు."

"డాక్టర్లు నడవమని కూడా అంటారు. నువ్వు జనాన్ని బస్సెక్కించుకుని తిప్పటం లేదూ?"

ముగ్గురం కలిసి ఒక్కదాని మీదా ఒక్క మాటకు వచ్చిన పాపాన పోలేదు. గొంతులు పెరిగాక బావమరిది తెర వైపు తిరిగి కేకేసేవాడు. "అక్కా, తీర్పు!"

నా భార్య లోపల ఏ పనిలో ఉన్నా తెర పక్కకు లాగి తల బయటపెట్టేది. "గాలే. జబ్బు చేస్తే తప్ప ఎవరూ కొనిపెట్టని పండు అది. నిక్షేపంలా ఉన్నవాడికి ఎవరైనా యాపిళ్ళు మోసుకొచ్చారా?"

ఆమె మాటే ఆఖరి మాట. అప్పటికి ఆమెకు ఏ జబ్బూ లేదు. తరవాత చూడవచ్చిన ప్రతివాడూ యాపిళ్ళే పట్టుకొచ్చాడు.

కేకు గాలి అంది. మొహానికి పూసుకోవడానికి తప్ప పనికిరాదంది. ఉడికించిన గుడ్డు గట్టి అంది. చాక్లెట్టు మీద రెండు రోజులు ఆలోచించి, చేదుది గట్టి, తీపిది గాలి అని విడదీసి చెప్పింది. పరుగుపందెం వాళ్ళనీ, కుస్తీ వాళ్ళనీ, ఎత్తు దూకేవాళ్ళనీ అలాగే తూచేది. కానీ ఒక మనిషి విషయంలో ఆమెను కదిలించడం ఎవరివల్లా కాలేదు. రాతిచేతులు.

ఆయన పాతకాలం ఫుట్‌బాల్ గోలీ, గోలు కాసేవాడు. ఆయన ఆట ఆమె కంటితో చూడలేదు, రేడియోలో విన్నది. చిన్నప్పుడు పక్కింటి కిటికీ కింద నిలబడి, తమ్ముణ్ణి చంకనెత్తుకుని వినేదట. ఒక ఫైనల్లో ఆయన వేలు విరిగింది. విరిగిన వేలికి గుడ్డ చుట్టుకుని ఆట చివరిదాకా నిలబడ్డాడు. ఆ రోజు చంకలో ఉన్న పిల్లవాడు ఏడ్చాడట, "అక్కా, ఆయనకు నొప్పెయ్యదా?" అని. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఇద్దరూ నవ్వేవాళ్ళు.

ఆ పిల్లవాడు పెద్దయ్యాడు, టీవీ కొన్నాడు, పార్టీ మారాడు. ఇప్పటి గోలీని జిగురు అంటారు. బంతి చేతికి అంటుకుపోతుందని ఆ పేరు. బావమరిదికి జిగురు తరవాతే దేవుడు.

"అప్పటి బంతి తోలుది," అనేవాడు వెల్డరు. "వానలో తడిస్తే బండరాయి. చేతులకు తొడుగుల్లేవు. మీ జిగురును ఆ బంతి ముందు నిలబెట్టు, పళ్ళు ఏరుకుంటాడు."

"అప్పుడు కొట్టేవాళ్ళకు మాత్రం ఏం బలముందయ్యా? పగలంతా మిల్లులో బరువులు మోసి సాయంత్రం ఆడటానికొచ్చేవాళ్ళు. వాళ్ళ బంతి గోలు దాకా దొర్లడమే గొప్ప. మీ రాతిచేతులు వంగి తీసుకున్నాడు, అంతే."

"చూశావా నువ్వు?"

"నువ్వు చూశావా?"

"మీ అక్క వింది."

"వినడం ఒక చూడటమా!"

అప్పుడు తెర కదిలేది. "ఒరే, నువ్వు చూస్తున్నప్పుడు నీ జిగురు మీద కళ్ళార్పకుండా ఉంటున్నావా? మేము రాతిచేతుల ఆట వింటున్నప్పుడు ఊరు ఊరంతా కదల్లేదు. గట్టి. ఇక లేచి పో."

అదీ ఆమె తీర్పు. మా పెళ్ళికి ముందూ అదే, తరవాతా అదే. వాడు దాన్ని మార్చాలని చెయ్యని ప్రయత్నం లేదు. జిగురు ఫోటో తెచ్చి తెరకు పిన్నుతో గుచ్చాడు. ఆమె దాన్ని పొయ్యి అంటించడానికి వాడింది.

తరవాత ఆమెకు దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని డాక్టరు చెప్పాడు. "విన్నారా, నా ఊపిరితిత్తులు గట్టి," అని ఆమె నవ్వింది. నవ్వుతుంటే ఊపిరి అందలేదు. ఆమె అంత గట్టిగా నవ్వడం అదే ఆఖరు.

వెనక గదిలోకి ఆక్సిజన్ సిలిండర్లు వచ్చాయి. ఒకటి మంచం పక్కన, ఇంకొకటి నిండుది గోడకు ఆనించి. మొహానికి మాస్కు. సిలిండరు మీద గడియారం లాంటిది ఉంటుంది, అందులో ఒక ముల్లు. ముల్లు ఎర్రగీత దగ్గరికి దిగగానే పానా పెట్టి విప్పి, రెండోదానికి బిగించాలి. కష్టమైన పని కాదు. నాకొచ్చు, బావమరిదికీ వచ్చు. నేనే దగ్గరుండి నేర్పాను. ఎక్కువ మాట్లాడొద్దని డాక్టరు ఆమెకు చెప్పాడు. దాంతో ఆమె ఒక్కో మాటకు దిగింది. దాహమైతే "నీళ్ళు". కిటికీ వెలుతురు కళ్ళలో పడితే "తెర". ముల్లు దిగుతున్నట్టనిపిస్తే "గాలి".

ఆట మాత్రం ఆపనివ్వలేదు. "ఆడండి," అనేది. రోజంతా ఆమెకున్నది ఆ ఒక్క గంటే. గుమ్మానికున్న తెర తీసేసి, మంచం గుమ్మానికి దగ్గరగా జరిపాం. తలాపు లోపలి వైపు ఉండటంతో షాపులోంచి చూస్తే ఆమె పాదాలు మాత్రం కనపడేవి. వీళ్ళు అరుచుకునేవాళ్ళు, "అక్కా, తీర్పు!" అనేవాళ్ళు. ఆమె "గాలి" అనో, "గట్టి" అనో ఒక్క మాట అనేది. ఒక్కసారే అనేది. రెండోసారి అనే ఓపిక ఆమెకు లేదు. ఇది అందరికీ తెలుసు.

ఆ రోజు ఊరి బయట రోడ్డు మీద ఒక లారీ ఆగిపోయింది. డ్రైవరు ఫోను చేశాడు. నేను వెళ్ళాలి. బావమరిదికి చెప్పాను.

"ముల్లు చూస్తుండు. ఎర్రగీత మీదికి రాకముందే మార్చు."

"ఎన్నిసార్లు చెబుతావు బావా! బస్సెడు మందిని చూసుకునేవాణ్ణి, ఒక్క ముల్లు చూసుకోలేనా?"

"కబుర్లలో పడొద్దు."

"వెళ్ళు బావా, వెళ్ళు. అక్క నీకు పెళ్ళామైతే నాకు అక్క కాదా?"

నేను వెళ్ళాను. తరవాత జరిగింది వెల్డరు చెప్పాడు. వాడు అబద్ధమాడే మనిషి కాదు, చెబుతూ ఏడ్చాడు కూడా.

ముందు ఐస్‌క్రీము మీద కొట్టుకున్నారట. అక్కడి నుంచి జిగురు మీదికి వెళ్ళింది. ముందురోజే జిగురు ఏదో మ్యాచిలో మూడు పెనాల్టీలు ఆపాడు. బావమరిది కాలు నేల మీద నిలవడం లేదు. బంతి ఎటు వచ్చిందో, జిగురు ఎటు దూకాడో, టైర్ల మధ్య దూకి మరీ చూపించాడు.

"ఇప్పుడు చెప్పు. మీ ముసలాయన ఇది చేసేవాడా?"

"విరిగిన వేలుతో చేశాడు."

"వేలు, వేలు! విరిగిన వేలు తప్ప మీకు ఇంకేమీ లేదు. ఆట గురించి చెప్పమంటే ఆసుపత్రి గురించి చెబుతారు."

"మీ అక్కనడుగు పో."

"అడగనా? అడుగుతా. అక్కా! రాతిచేతులు, గాలా, గట్టా? తీర్పు!"

లోపలి నుంచి మాట వచ్చింది. "గాలి."

 బావమరిది ఎగిరి గంతేశాడట. వెల్డరు వీపు మీద చరిచాడు. "విన్నావా? విన్నావుగా! నా జన్మలో మొదటిసారి!"

"గాలి," అని మళ్ళీ వినపడింది.

"ఇంకోసారి అంటోంది చూడు! కడుపు నింపేశావక్కా!"

మూడోసారి కూడా అంది. అప్పుడు వాడేమన్నాడో వెల్డరు నాకు చెప్పనన్నాడు. నేను చెప్పించాను.

"విన్నాంలే అక్కా, విన్నాం," అన్నాడట. అని నవ్వాడట.

నవ్వి, లోపలికి పోలేదు. నాకు ఫోను చేశాడు.

నేను అప్పుడు లారీ కింద ఉన్నాను. జాకీ మీద బండి, చక్రం విప్పి రోడ్డు మీద. చేతి నిండా గ్రీజు. మోచేత్తో ఫోను నొక్కాను.

"బావా! కూర్చుని ఉన్నావా, నిలబడి ఉన్నావా? అక్క ఒప్పేసుకుంది! రాతిచేతులు గాలి అంది! ఒకసారి కాదు, మూడుసార్లు!"

నాకు అర్థమవడానికి ఆలోచించనక్కర్లేకపోయింది.

"లోపలికెళ్ళు," అన్నాను.

"ఓడిపోయావు బావా, ఒప్పుకో."

"లోపలికెళ్ళరా! ముల్లు చూడు!"

"కోపమెందుకు బావా, ఆటలో..." అంటూనే వాడి మాట తెగిపోయింది. ఫోను కింద పడిన చప్పుడు వినిపించింది.

లారీని జాకీ మీదే వదిలేశాను. ఎవడో మోటారుసైకిలు మీద పోతుంటే అడ్డం పడి ఎక్కాను. నేను వచ్చేసరికి షాపు ముందు జనం ఉన్నారు. లోపల ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. బావమరిది రెండో సిలిండరు బిగించాడు, అది బుస్సుమంటూనే ఉంది. మాస్కు ఆమె మొహానికి అదిమిపట్టి కూర్చున్నాడు. నేను వాడి చెయ్యి తీసేశాను. అదిమిన చోట మాస్కు అంచు ఆమె చెంప మీద అచ్చుపడింది. ఆ గుర్తు పోలేదు.

అందరూ ఉన్నప్పుడు వాడు ఒక మాటన్నాడు. "ఆ మాట పెట్టింది నువ్వే కదా బావా. ఆటకూ అదే, సిలిండరుకూ అదే. నాకెలా తెలుస్తుంది?"

అక్కడున్నవాళ్ళు తలలూపారు. పాపం, వాడికెలా తెలుస్తుందని వాళ్ళకూ అనిపించింది. వాళ్ళకు మా ఇల్లు తెలియదు. మాట ఎవరు పెడితేనేం? వాడు అడిగింది యాపిల్ గురించి కాదు, కేకు గురించి కాదు. ఎవరి గురించి అడిగాడు? ఆమె ప్రాణం పోయినా ఆ మనిషిని ఆ మాట అనదని ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు వాడే. ఆ కిటికీ కింద ఆమె చంకలో ఉన్నది వాడే. నాకు రోడ్డు మీద, లారీ కింద తెలిసింది. వాడికి గుమ్మం ఇవతల తెలియలేదు. తెలియక కాదు, గెలిచాననుకున్నాడు. గెలుపు అంత తీపిగా ఉంది వాడికి.

ఆట ఆగిపోయింది. వెల్డరు వస్తాడు, టైరు మీద కూర్చుంటాడు, వాన గురించి మాట్లాడి పోతాడు. బావమరిది ఉద్యోగానికి సెలవు పెట్టాడు. బస్సులో నోరు పెగలడం లేదట, స్టాపుల పేర్లు చెప్పలేకపోతున్నాడట. తిండి తినడం లేదట. ఈ 'అట'లన్నీ నాకు మోసుకొచ్చింది అత్తారింట్లో ఉండే మా అమ్మాయి.

"నాన్నా, మావయ్య చిక్కి సగమయ్యాడు. నువ్వొక్క మాట అను చాలు. తెలిసి చెయ్యలేదని అను."

"వాణ్ణి చూసి రావడానికి వెళ్ళావా?"

"వెళ్ళాను. ఆయన కూడా అమ్మను పోగొట్టుకున్నాడు నాన్నా."

"పోగొట్టుకున్నాడు. నేను పోగొట్టుకోలేదు. నా దగ్గర్నుంచి పోగొట్టారు."

అమ్మాయి ఏడ్చి వెళ్ళిపోయింది.

తరవాత వాడే వచ్చాడు. గడ్డం పెరిగింది. షాపులోకి రాలేదు, బయటే నిలబడ్డాడు. నేను ఒక ట్యూబును తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూస్తున్నాను.

"బావా."

ట్యూబును ఇంకో పక్కకు తిప్పాను.

"కొట్టు బావా. తిట్టు. ఏదో ఒకటి అను."

బుడగలు వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టాను.

"అక్క ఉంటే నన్నిలా నిలబెట్టేది కాదు."

"లేదు కదా," అన్నాను.

వాడు ఏదో అన్నాడు. గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, కంప్రెషరు ఆపితే తప్ప వినపడలేదు. ఆపాను.

"నేను తెలిసి చెయ్యలేదు బావా. నీకు తెలుసు. ఆ ఒక్క మాట నీ నోటితో అను. ఇంకేమీ వద్దు. నేను పోతాను."

వాడు తెలిసి చెయ్యలేదు. అది నాకు తెలుసు. వాడికి కావలసింది ఆ మాటే అని కూడా తెలుసు. ఆమెకు కావలసింది కూడా ఒక్కటే. మూడుసార్లు అడిగింది.

కంప్రెషరు మళ్ళీ వేశాను. వాడు వెళ్ళిపోయాడు.

అమ్మాయి మళ్ళీ అడిగింది, వెల్డరు అడిగాడు, డ్యూటీకి వెళ్ళే కండక్టర్లు కొందరు బస్సు ఆపుకుని మరీ దిగి అడిగారు. అందరికీ కలిపి ఇది రాశాను. ఇక ఎవరూ నన్ను అడగొద్దు. వాడి గురించి గానీ, ఆ మధ్యాహ్నం గురించి గానీ నా నోటి వెంట ఒక్క మాట రాదు. వాడు చచ్చేదాకా రాదు, నేను చచ్చేదాకా రాదు.