లావెండర్‌కి క్రాపు

మా ఆవిడ పోయి మూడేళ్ళు. ఆమె పెట్టిన ఐదు లావెండర్ పొదలు రోజంతా ఎండ తగిలే గోడ పక్కన బతికాయి. మంచి మట్టి వద్దంది. నేను తాపీపని వాణ్ణి. కూల్చిన గోడల ఇటుక ముక్కలు, సున్నం పెళ్ళలు తెచ్చి గుంటల్లో పోశాను. పదిహేను రోజులకోసారి నీళ్ళు. "ఎక్కువ పెడితే చెడిపోతుంది, మా తమ్ముడిలాగా" అని నవ్వేది. పూలయ్యాక కత్తిరించాలి, కానీ రెండు వేళ్ళ పచ్చదనం ఉంచి. కింద ముదిరిన కట్టె దాకా కోస్తే మళ్ళీ చిగురు రాదు. ఈ మాట తమ్ముడికీ చెప్పింది. వాడి చెవికెక్కలేదు.

వాడికి వీధి చివర సెలూను. నేను కంటి ఆపరేషన్‌కి వెళ్తూ ఇంటి తాళం వాడికిచ్చాను. రెండు రోజులకి తిరిగొస్తే గోడ పక్కన ఐదు మోళ్ళు. దువ్వెన పెట్టి కొలిచినట్టు సమంగా ఉన్నాయి. ఒక్క ఆకూ లేదు.

కంటి కట్టుతోనే సెలూనుకి నడిచాను. కుర్చీలో ఒకాయన గడ్డానికి నురగతో ఉన్నాడు.

"ఏం చేశావురా?"

"బాగుందా బావా? జడలు కట్టేసున్నాయి. ఎంత పొట్టిగా తీస్తే అంత ఒత్తుగా వస్తుంది."

"అది జుట్టు కాదు. ఇక రాదు."

"రాకపోవడమేంటి? నెల ఆగి చూడు."

"నాకూ ఇలాగే చెప్పాడండీ, పదేళ్ళ కిందట" అన్నాడు నురగాయన, బట్టతల తడుముకుంటూ.

"కదలకండి, గొంతు తెగుతుంది" అన్నాను. "కొమ్మలేవిరా?"

"ఊడ్చి బస్తాలో వేశా. పొద్దున చెత్తబండి పట్టుకెళ్ళింది."

కొమ్మలుంటే నాటి బతికించుకునేవాణ్ణి. అవీ లేకుండా చేశాడు. వాణ్ణి కొట్టడానికి చెయ్యెత్తాను. అప్పుడు కనిపించింది. అద్దం ముందు దువ్వెనల గ్లాసులో గుప్పెడు లావెండర్.

"వాసనకి పెట్టుకున్నా" అన్నాడు కత్తి దించి. "అక్క చీరల మధ్య పెట్టేది కదా."

గ్లాసు లాక్కున్నాను. పూలున్నవి వేరు పట్టవు, వాటిని వాడి బల్ల మీద పారేశాను. పూలు లేని లేత కొమ్మలు ఏడు మిగిలాయి.

"ఆ ఏడూ తీసుకుపోకు బావా."

"పోతాను."

కింది ఆకులు దూసేసి, ఇసుకలో ఇటుక పొడి కలిపి కుండీలో గుచ్చాను. వారం తిరిగేసరికి మూడు నల్లబడ్డాయి. తర్వాత ఇంకో రెండు. నెలన్నరకి మిగిలిన రెండింటినీ మెల్లగా లాగి చూశాను. రాలేదు. వేరు పట్టాయి.

మోళ్ళు ఐదూ ఎండిపోయాయి. గడ్డపారతో పెకిలిస్తుంటే వాడు గేటు అవతల వచ్చి నిలబడ్డాడు.

"బావా, కుండీలో రెండున్నాయి కదా. ఒకటి నాకివ్వు. కత్తెర తాకించను. అక్కది నా దగ్గర ఒక్క వస్తువూ లేదు."

అది నిజం. ఆమె చీరలు కూడా నేనెవరికీ ఇవ్వలేదు.

"ఇవ్వను."

"నీ దగ్గరా చచ్చిపోతే?"

"చస్తే నా చేతిలోనే చావనీ."

వాడు ఇంకా నిలబడే ఉన్నాడు. నేను ఒక గుంట నింపి, రెండో మొక్క కోసం రెండో గుంటలో ఇటుక ముక్కలు పోయడం మొదలుపెట్టాను.