చివరిసారి నీళ్లెప్పుడు తాగారు?

నలభై ఒక్క ఫారాలు. అన్నిటిలోనూ ఒకటే అంకె. ఎనిమిది గంటలు.

"ఏటిరా ఇది?" అంటూ ఆ కట్ట తీసుకెళ్లి వినోద్ ముందు పడేశాను. "ఇంతమందీ ఒకే లెక్కన నీళ్లు మానేశారేటి?"

వినోద్‌ది సాలూరు. మత్తు డాక్టరు చదువులో నాకంటే ఏడాది వెనక. తాగుతున్న టీ కింద పెట్టి అమాయకంగా చూశాడు.

"కేస్ షీట్లో అలాగే ఉన్నాది కదక్కా. రాత్రి పన్నెండు తర్వాత ఏటీ ఇవ్వకూడదని స్టాంపు కొట్టీసి ఉంటాది. పొద్దున్న ఎనిమిదికి థియేటర్ మొదలు. పన్నెండు నుంచి ఎనిమిదికి ఎనిమిదే."

"మరి రోగిని అడగలేదా?"

"అడగడానికేటుందక్కా అందులో?"

నాకు ఒళ్లు మండిపోయింది. అరసవల్లిలో మా నాన్న పిల్లలకి వయొలిన్ నేర్పుతారు. శ్రుతి తప్పితే ఆయన కళ్లు మూసుకుంటారు. నేను మూసుకునే రకం కాదు. డ్యూటీ రూమ్ దద్దరిల్లేలా తిట్టాను.

తిట్టనా మరి? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏడు ఆసుపత్రుల పీజీలం కలిసి మొదలుపెట్టిన పరిశోధన ఇది. ఏ ప్రొఫెసరూ చెయ్యమనలేదు. అనుమతుల కోసం నాలుగు నెలలు చెప్పులరిగేలా తిరిగాం. ప్రశ్న ఒక్కటే. ఆపరేషన్‌కి ముందు మనిషి ఎన్ని గంటలు చుక్క నీళ్లు లేకుండా ఉంటున్నాడు? కడుపులో తిండి ఉంటే మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి రావచ్చు, నిజమే. మంచినీళ్లు మాత్రం మామూలుగా రెండు గంటల ముందు దాకా తాగొచ్చని మా పుస్తకాలే చెబుతాయి. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం. కేస్ షీటు చూడకూడదు, రోగి నోటి నుంచే వినాలి. మా ఆసుపత్రి బాధ్యత నాది.

"లే. వార్డుకి పద. మళ్లీ అడుగుదాం," అని వినోద్‌ని లాక్కెళ్లాను.

మొదటి మంచం మీద బుల్లమ్మ. కోనాడలో చేపలమ్ముకునే మనిషి. ముందురోజే పిత్తాశయం తీశారు.

"చివరిసారి నీళ్లెప్పుడు తాగావమ్మా, ఆపరేషన్‌కి ముందు?"

"రాత్రి తొమ్మిదికి లైట్లార్పీసినారు గదా, అప్పుడు తాగినాను. మర్నాడు మూడింటికి లోపలికి తీసుకెళ్లినారు. పెదాలు అట్ట కట్టీసినాయి. తడిగుడ్డ సప్పరిస్తంటే సిస్టరమ్మ లాగీసింది."

పద్దెనిమిది గంటలు. నేను వినోద్ వైపు కొరకొరా చూశాను. బుల్లమ్మ ఇంకా అయిపోలేదు.

"నీకూ సెప్పినాను కదమ్మా. దాహమేస్తంది తల్లీ అంటే, ఇంకాసేపేలే అన్నావు. నీ సేత్తోనే ఏటో రాసుకున్నావు."

కట్టలోంచి ఆమె ఫారం తీశాను. ఎనిమిది. చేతిరాత వినోద్‌ది కాదు, నాదే. ఇందాక అంకెలే చూశాను, రాత చూడలేదు.

వినోద్ నా చేతిలోంచి కట్ట తీసుకుని పక్క మంచం వైపు నడిచాడు. నన్ను తిట్టినా బాగుండేది. దాహమేస్తోందని మనిషి ఎదురుగా చెబుతుంటే, నేను స్టాంపు చూసి లెక్క రాసుకున్నాను. సిగ్గేసింది. ఆ సిగ్గు మీద మళ్లీ కోపమొచ్చింది.

సాయంత్రం ఏడు ఆసుపత్రుల గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను, నా పేరుతో సహా. మొదట శ్రీకాకుళం నుంచి చరిత రాసింది: "మేమూ షీటు చూసే రాశామక్కా." తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు. చివరికి రోగిని అడిగినవాళ్లు ఒక్క ఆసుపత్రిలోనే తేలారు. ఆ వారం లెక్కంతా పక్కన పెట్టి, వచ్చే సోమవారం నుంచి మళ్లీ మొదలుపెడదామనుకున్నాం.

ఈ సంగతి మర్నాటికల్లా మా విభాగం పెద్ద డాక్టర్ ఉదయభాస్కర్ గారికి చేరింది. గదికి పిలిపించారు.

"ఎనిమిది బాగానే ఉంది కదా అనూరాధా. మళ్లీ కెలకడం దేనికి? వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉంది."

"అది అబద్ధం సార్."

"ఆ స్టాంపు నేను పెట్టించాను. ఎందుకో తెలుసా? ఇరవై ఏళ్ల కిందట పాతపట్నం నుంచి ఒకతను వచ్చాడు. నీళ్లే తాగానన్నాడు, అన్నం తిన్నాడు. నా చేతుల్లోనే పోయాడు." ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నారు. ఒక్క క్షణం నాకు బాధేసింది కూడా.

"అతను అన్నం తిన్నాడని ఇరవై ఏళ్లుగా అందరికీ నీళ్లు బందా సార్? రెండు గంటలని మాకు పాఠం చెప్పింది మీరే. పరీక్షలో అలా రాయకపోతే మార్కులు కోసేదీ మీరే."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఇక్కడ నుంచి ఎనిమిదే వెళ్లాలి. లేదంటే నీ థీసిస్ మీద నా సంతకం ఉండదు."

సంతకం లేకపోతే నేను పరీక్షకి కూర్చోలేను. మూడేళ్ల చదువు.

అయినా సోమవారం ఫారాలు పట్టుకుని వార్డుకి వెళ్లాను. ఆ రోజు ఆపరేషన్ల లిస్టులో ఆఖరున ఉన్నది కూర్మయ్య, హెర్నియా ఆపరేషన్. పావుతక్కువ నాలుగైంది. ఆయన నాలుక పెదాల మీద తిరుగుతూనే ఉంది.

"చివరిసారి నీళ్లెప్పుడు తాగావు తాతా?"

"ఎనిమిది గంటలైందమ్మా," అన్నాడు టక్కున.

"అంటే పొద్దున్న ఎనిమిదింటికి తాగావా?"

ఆయన తడబడ్డాడు. పక్కనున్న భార్య తవిటమ్మ తల దించుకుంది.

"రాత్రి లైట్లార్పినప్పుడు తాగినాను తల్లీ. ఎవలడిగినా ఎనిమిదే సెప్పమని పెద్ద డాక్టరుబాబు పొద్దున్న వొచ్చి సెప్పినారు. నువ్వు ఏరేగా రాయకు. నా ఆపరేషను ఆగిపోతాది." నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పెన్ను జేబులో పెట్టేశాను. ఆ ముసలాయన్ని అడ్డం పెట్టుకుని నేను నిజం చెప్పదలచుకోలేదు. ముందు థియేటర్లోకి తీసుకెళ్లాను. నాలుగింటికి నడుముకి మత్తు ఇచ్చాను. ఒంట్లో నీరు లేక, సెలైన్ జోరుగా పెట్టినా బీపీ జారిపోయింది, రెండుసార్లు మందిచ్చి నిలబెట్టాల్సి వచ్చింది. ఆపరేషన్ సవ్యంగా అయింది. ఆయన్ని మంచం చేర్చి, తవిటమ్మకి అప్పజెప్పి, ఖాళీ ఫారంతో నేరుగా ఉదయభాస్కర్ గారి గదిలోకి వెళ్లాను. తలుపు తట్టలేదు.

"ఇది కూర్మయ్య ఫారం సార్. ఆయనకేం చెప్పాలో మీరు నేర్పారట కదా. మరి అంకె కూడా మీరే రాయండి, మీ చేత్తో. కింద సంతకం పెట్టండి."

"బయటికి వెళ్లు."

"రాసేదాకా వెళ్లను. థీసిస్ మీద పెట్టకపోతే పెట్టకండి. దీని మీద పెట్టండి."

నా గొంతు వరండాలోకి వినిపించి ఉంటుంది. వినిపించనీ.

"ఎనిమిది రాస్తారా, రాయండి. కానీ రాసేముందు ఒకసారి లెక్క కట్టండి. పన్నెండు తర్వాత వద్దన్న స్టాంపు మీది. నాలుగింటికి లోపలికి పంపిన లిస్టు మీద సంతకం మీది. ఎన్ని గంటలు?"

ఆయన ఫారం ముందుకి లాక్కుని వేళ్ల మీద లెక్క కట్టారు.

"పదహారు," అన్నారు చివరికి, చాలా చిన్నగా.

"వార్డులో తొమ్మిదింటికి లైట్లు ఆర్పేస్తారు సార్. అర్ధరాత్రి లేచి నీళ్లు తాగి పడుకునే రోగిని ఈ ఇరవై ఏళ్లలో మీరెప్పుడైనా చూశారా?"

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన పెదాలు కదిలాయి. నాకు వినిపించింది. అయినా నా కోపం తీరలేదు.

"గట్టిగా చెప్పండి సార్."

"పంతొమ్మిది."

"రాయండి," అన్నాను. ఆయన పెన్ను మూత తీసేదాకా ఆ బల్ల ముందు నుంచి కదల్లేదు.